ఎదుటి ముఖం

1022లోంచి 13 తీసేస్తే 1009. అందులోంచి మళ్ళీ 13 తీసేస్తే 996. ఆ తర్వాత 983, 970. చేతిలో కాగితం ఉండదు. నిలబడి, పైకి వినబడేలా, గబగబా చెబుతూ పోవాలి. ఎక్కడ తడబడినా బల్ల వెనకాల కూర్చున్నవాళ్ళు ఆపి, తప్పు, మళ్ళీ 1022 నుంచి మొదలుపెట్టండి అంటారు. ఈ లెక్కల కంటే ముందు ఇంకో అయిదు నిమిషాలు అదే బల్ల ముందు నిలబడి, ఫలానా ఉద్యోగానికి నేనే ఎందుకు తగినవాణ్ణో చెప్పుకోవాలి. నిలబడేది మొత్తం పది నిమిషాలే. ఆ పది నిమిషాల తర్వాత మనిషి ఉమ్మి తీసి పరీక్షిస్తే కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోను మామూలు స్థాయికి రెండు నుంచి నాలుగు రెట్లు పెరిగి కనబడుతుంది.

జర్మనీలోని ట్రియర్ విశ్వవిద్యాలయం నుంచి కిర్ష్‌బామ్, పిర్కె, హెల్‌హామర్ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు 1993లో ఈ పరీక్షను ప్రకటించారు. ప్రయోగశాలలో మనిషికి హాని లేకుండా ఒత్తిడి కలిగించాలంటే ప్రపంచమంతటా ఇప్పటికీ ఎక్కువగా వాడేది దీన్నే. ఇందులో నన్ను పట్టుకున్నది లెక్క కాదు, బల్ల వెనకాల కూర్చునేవాళ్ళు. వాళ్ళకు ముందుగా శిక్షణ ఇస్తారు. ముఖంలో ఏ భావమూ కనబడనివ్వకూడదు. తల ఊపకూడదు, చిరునవ్వు నవ్వకూడదు, కోపమూ చూపకూడదు. మాట్లాడేవాడు మధ్యలో ఆగిపోతే, మీకింకా సమయం ఉంది అని చెప్పి అలాగే చూస్తూ కూర్చోవాలి. తిట్టడం లేదు, బెదిరించడం లేదు. ఎదుటివాడికి ముఖం నుంచి ఏమీ దొరకకుండా చేయడమే వాళ్ళ పని.

ఇరవై ఏళ్ళ తర్వాత, 2013లో, అదే జర్మనీలో వీమర్స్, షూఫ్స్, వోల్ఫ్ అనే మరో ముగ్గురు ఈ పరీక్షకు స్నేహపూర్వకమైన రూపం ఒకటి తయారుచేశారు. నిలబడి ఇద్దరి ముందు తన గురించి చెప్పుకోవడం మామూలే. కానీ ఆ ఇద్దరూ నవ్వుముఖంతో వింటారు, తల ఊపుతారు, మాట అందిస్తారు. పరీక్షను కూడా కొంత తేలిక చేశారనుకోండి. కార్టిసాల్ పెరగలేదు. అంతకు ముందే 2004లో డికర్సన్, కెమెనీ అనే ఇద్దరు 208 అధ్యయనాలను ఒక్కచోట చేర్చి చూశారు. శరీరం అన్ని కష్టాలకూ ఒకే రకంగా స్పందించదని తేలింది. పని కష్టంగా ఉంటే చాలదు. అది మన చేతిలో లేకపోవాలి, పైగా మరొకరు మనల్ని తూకం వేస్తూ ఉండాలి. ఈ రెండూ కలిసినచోట కార్టిసాల్ అన్నిటికంటే ఎక్కువగా లేస్తుంది, దిగడానికీ ఎక్కువ సమయం పడుతుంది.

చేతిలో లేని పని, తూకం వేసే మనిషి. ఈ రెండూ కలిసే చోటు కోసం ట్రియర్ దాకా వెళ్ళక్కర్లేదు. ఏ ఆసుపత్రి వరండాలోనైనా ఉంటుంది.

మాది యానాం. పుదుచ్చేరిలో స్థిరపడి చాలా ఏళ్ళయింది. ఒకే కేంద్రపాలిత ప్రాంతమే గానీ ఈ రెండు ఊళ్ళ మధ్య 800 కిలోమీటర్లకు పైగా దూరం, దాంతోపాటు ఇంకో భాష. చుట్టూ గోదావరి జిల్లాల మధ్య మా ఊరు, చుట్టూ తమిళనాడు మధ్య ఈ పట్టణం. పెద్ద చదువుకైనా, సచివాలయంలో పనికైనా ఇక్కడికే రావాలి. కాకినాడ పక్కనే ఉన్నా, జబ్బు ముదిరిందంటే కొందరు ఇక్కడి దాకా వస్తారు. 1823లో ఫ్రెంచివాళ్ళు మొదలుపెట్టిన వైద్య పాఠశాల పెరిగి పెరిగి 1964లో గోరిమేడులో జిప్మర్ అయింది. ఆ పేరు మా వైపు పల్లెల్లో కూడా వినబడుతుంది. అది గాక ఈ పట్టణం చుట్టూ వైద్య కళాశాలలు, ఆసుపత్రులు చాలానే ఉన్నాయి. వచ్చేవాళ్ళలో నన్నెరిగినవాళ్ళు ముందు రోజు ఫోన్ చేస్తారు. "బాబూ, మాకు అరవం రాదు. కాస్త కూడా ఉంటావా?" ఉంటాను.

అలా కూడా ఉండడంలో ఒక సంగతి గమనించాను. భాష తెలియని మనిషి కళ్ళతో వింటాడు. కడలూరు నుంచి, విళుప్పురం నుంచి వచ్చిన తమిళులు బెంచీల మీద కూర్చుని పేరు పిలిచేదాకా మాటల్లో పడతారు. మావాళ్ళు మాత్రం ముఖాలు చూస్తూ ఉంటారు. చీటీ రాసే ఆమె ముఖం, తలుపు దగ్గర కాపలావాడి ముఖం, లోపలి నుంచి వచ్చే నర్సమ్మ ముఖం. ఆ నర్సమ్మ కనుబొమలు ముడిస్తే ఇక్కడ గుండె జారుతుంది. ఆవిడ ముడిచింది పాడైపోయిన ప్రింటరు చూసి కావచ్చు, ఇంటి దగ్గర జ్వరంతో ఉన్న పిల్లాడు గుర్తొచ్చి కావచ్చు.

యానాంలో మా వీధిలో ఒకావిడ ఉంది. చుట్టరికం లేకపోయినా పిన్ని అనే పిలుస్తాను. ఒకసారి ఆవిణ్ణి ఇక్కడి ఒక ఆసుపత్రికి తీసుకెళ్ళాను. డాక్టరుగారు రిపోర్టులు కంప్యూటరులో చూస్తూ, చూస్తూనే నాతో తమిళంలో రెండు ముక్కలు చెప్పి, మందు టైపు చేసి, తర్వాతి వాళ్ళను పిలవమన్నారు. బయటికి రాగానే పిన్ని నా చెయ్యి పట్టుకుని ఆపేసింది.

"ఆయన నా వంక చూళ్ళేదు బాబూ."

"చాలామంది ఉన్నారు కదా పిన్నీ. నీకేం లేదంట. థైరాయిడ్ కాస్త తేడాగా ఉంది, మాత్ర మార్చారు."

"ఏం లేకపోతే చూడ్డానికేం? చూళ్ళేదంటే ఏదో ఉన్నట్టే. నువ్వూ దాస్తున్నావు. నీ మొహమూ అలాగే ఉంది."

నా ముఖం ఎలా ఉందో నాకు తెలియదు. పొద్దున్నుంచీ నిలబడిన అలసటే అందులో ఉండాలి. కానీ ఆవిడ చదివింది అలసట కాదు. ఆ రాత్రి కాకినాడ రైలెక్కేదాకా నేను చెప్పిన ఏ మాటా ఆవిడ నమ్మలేదు. యానాం చేరాక తన సొంత డాక్టరు చేత తెలుగులో చెప్పించుకున్నాకే అన్నం సహించిందట.

ఆవిడది చాదస్తమని కొట్టిపారేయడం సులువు. ఆ మాట నేనొప్పుకోను. ఒత్తిడిలో ఉన్న మెదడు ముఖాలను ఎలా చదువుతుందో తెలిసినవాళ్ళెవరూ ఒప్పుకోరు. మన మెదడులో భయానికీ, ప్రమాదాన్ని పసిగట్టడానికీ ముఖ్యమైన చోటు అమిగ్డాలా. జ్ఞాపకానికి ముఖ్యమైనది హిప్పోకాంపస్. బెంగళూరులోని జాతీయ జీవశాస్త్ర కేంద్రంలో సుమంత్ర చటర్జీ బృందం, నిమ్హాన్స్‌కు చెందిన శంకరనారాయణరావుతో కలిసి, 2002లో ఒక పరిశోధన ప్రకటించింది. ఎలుకలను రోజుకు 2 గంటల చొప్పున 10 రోజులు కదలనివ్వకుండా ఉంచారు. హిప్పోకాంపస్‌లోని నాడీకణాల కొమ్మలు కుంచించుకుపోయాయి. ఈ సంగతి అంతకు ముందే కొంత తెలుసు. కొత్తగా తేలింది, అమిగ్డాలాలో కొమ్మలు పెరగడం. ఒకే ఒత్తిడి ఒక చెట్టును ఎండబెట్టి పక్క చెట్టుకు చిగుళ్ళు తొడిగింది. 2004లో అదే బృందం ఇంకో అడుగు ముందుకు వేసింది. ఒత్తిడి ఆపేసి 21 రోజులు విశ్రాంతినిస్తే హిప్పోకాంపస్ తేరుకుంది. అమిగ్డాలా తేరుకోలేదు. పెరిగిన కొమ్మలు పెరిగినట్టే ఉన్నాయి, ఎలుకల బెదురూ తగ్గలేదు.

ఎలుకల సంగతి మనుషులకు నేరుగా అంటగట్టకూడదు. అయినా ఆ వ్యాసం గురించి తెలుసుకున్నప్పుడు నాకు గుర్తొచ్చింది ఆసుపత్రి వరండాలే. నెలల తరబడి తిరిగి, అన్నీ నయమయ్యాయని చెప్పాక కూడా తెల్లకోటు కనబడితే బిక్కచచ్చిపోయే మనుషులున్నారు. వాళ్ళను ఓదార్చాల్సిన చోట, ఇంకా ఎందుకు భయం అని కసురుతాం.

మనుషుల మీదే చేసిన పరిశోధన 2017లో వచ్చింది. బ్రౌన్, రాయో, నేటా అనే ముగ్గురిది. ఆశ్చర్యపడే ముఖాన్ని తీసుకోండి. కళ్ళు పెద్దవవుతాయి, నోరు కొద్దిగా తెరుచుకుంటుంది. అది మంచి కబురు విన్న ముఖమో చెడు కబురు విన్న ముఖమో ఆ ముఖాన్నిబట్టి చెప్పలేం. కొందరికి మంచిగా తోస్తుంది, కొందరికి చెడుగా. ఒత్తిడి కలిగించాక ఎవరిలో కార్టిసాల్ బాగా పెరిగిందో వాళ్ళు ఆ ముఖాలను మరింత చెడుగా చదివారు. ఫొటోలు మారలేదు. చూసేవాళ్ళ రక్తంలో ఒక రసాయనం మారింది. పిన్ని చదివింది డాక్టరుగారి ముఖాన్ని ఒక్కదాన్నే కాదు. ఆ ముఖం మీద తన శరీరం రాసిపెట్టిన దాన్ని కూడా చదివింది.

పిల్లల సంగతి ఇంకా బాధపెడుతుంది. పోలాక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, పవన్ సిన్హా అనే దృష్టి శాస్త్రవేత్త కలిసి 2002లో చేసిన ప్రయోగంలో, పిల్లలకు మసకగా ఉన్న ముఖాన్ని చూపి, కొంచెం కొంచెంగా స్పష్టం చేస్తూ పోయారు. ఇంట్లో దెబ్బలు తిన్న పిల్లలు కోపాన్ని మిగతా పిల్లల కంటే ముందే గుర్తుపట్టారు. ముఖం ఇంకా సరిగ్గా తేలకముందే, కొద్దిపాటి జాడతోనే. వాళ్ళ మెదడు చెడిపోలేదు, చాలా బాగా నేర్చుకుంది. ఆ ఇంట్లో బతకడానికి ఏది కావాలో అది నేర్చుకుంది. బళ్ళో ఒక పిల్లవాడు మాస్టారు కనుబొమ ఎత్తగానే చేతులు అడ్డం పెట్టుకుంటే, అతడికి ముఖం చదవడం రాదనుకోకూడదు. అతడు అంతకు ముందు ఏ ముఖాల మధ్య పెరిగాడో కనుక్కోవాలి.

ముఖాన్ని చూడడం మనకు పుట్టుకతోనే వస్తుందా అన్న ప్రశ్నకు పాత జవాబు ఒకటి ఉంది. 1975లో గోరెన్, మరికొందరు పరిశోధకులు అప్పుడే పుట్టిన, నిమిషాల వయసున్న పసికందుల ముందు ముఖం బొమ్మను మెల్లగా కదిపారు. కళ్ళూ ముక్కూ నోరూ ఉండాల్సిన చోట ఉన్న బొమ్మ వెంట పిల్లలు తల తిప్పారు. అవే కళ్ళూ ముక్కూ నోరూ చెల్లాచెదురుగా వేసిన బొమ్మ వెంట అంతగా తిప్పలేదు. అమ్మ ముఖం ఇంకా సరిగ్గా చూడకముందే ముఖం కోసం వెతకడం ఉందన్నమాట. అయితే వెతకడం వేరు, పట్టుకోవడం వేరు. ఆ తేడా తెలిసిన చోటు మన హైదరాబాదు.

గుళ్ళపల్లి నాగేశ్వరరావుగారు 1987లో స్థాపించిన ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రికి పుట్టుకతోనే రెండు కళ్ళలో దట్టమైన శుక్లాలున్న పిల్లలు వస్తారు. వెంటనే ఆపరేషన్ చేస్తే మేలు. కానీ ఊళ్ళో ఎవరికీ తెలియకో, డబ్బు లేకో, దూరమో, కొందరికి ఏళ్ళు గడిచాకే ఆ ఆపరేషన్ జరుగుతుంది. జర్మనీలోని హాంబర్గ్ విశ్వవిద్యాలయం నుంచి బ్రిగిటె రోడెర్ అనే శాస్త్రవేత్త ఈ ఆసుపత్రి వైద్యుడు రమేష్ కెకున్నాయతోనూ మరికొందరితోనూ కలిసి అలా చూపు వచ్చినవాళ్ళను పరీక్షించారు. 2013లో ఆ పరిశోధన అచ్చయింది. తల మీద తీగలు అతికించి మెదడులోని విద్యుత్తును కొలిచారు. మామూలుగా చూసేవాళ్ళలో ముఖం కనబడిన దాదాపు 170 మిల్లీసెకన్లకు ఒక అల లేస్తుంది. ఇల్లో మరో వస్తువో కనబడినప్పటి కంటే ముఖానికి అది పెద్దదిగా ఉంటుంది. పుట్టు శుక్లాలు తీయించుకున్నవాళ్ళలో ఆ అల ఉంది, కానీ ముఖానికీ ఇతర బొమ్మలకూ తేడా లేదు. అన్నిటికీ ఒకేలా లేచింది. పుట్టిన తర్వాత ఎప్పుడో శుక్లాలు వచ్చి తీయించుకున్నవాళ్ళలో ఆ తేడా మామూలుగానే ఉంది. అంటే తొలి నెలల్లో ముఖాలు చూసి ఉండాలి. అప్పుడు చూడకపోతే, చూపు వచ్చాక కూడా మెదడు ముఖానికి ప్రత్యేకమైన చోటు కేటాయించదు.

ఆ పరిశోధన గురించి చదివాక నాకు చాలాసేపు ఇంకో పని మీదికి మనసు పోలేదు. మనం ఎవరినైనా ఒక్క చూపులో గుర్తుపట్టగలుగుతున్నామంటే, దాని వెనక మనకు గుర్తులేని నెలలున్నాయి. అమ్మ, అమ్మమ్మ, పక్కింటి పెద్దమ్మ వంగి వంగి మన ముఖంలోకి చూసిన నెలలు. వాళ్ళెవరూ మాకు ఫీజు ఎంత అని అడగలేదు. మెదడులో ఒక భాగాన్ని తయారుచేసి పోయారు.

ఆ వంగి చూడడం ఆగిపోతే ఏమవుతుందో కూడా ఒకాయన చూపించాడు. ట్రోనిక్ బృందం 1978లో ప్రకటించిన ప్రయోగం అది. తల్లి బిడ్డతో ఆడుతూ ఆడుతూ, చెప్పిన ప్రకారం రెండు మూడు నిమిషాలు ముఖం కదపకుండా ఉండిపోతుంది. బిడ్డ ముందు నవ్వుతుంది. చేతులు చాస్తుంది. తనకు తెలిసిన విద్యలన్నీ చూపిస్తుంది. ఏదీ పనిచేయకపోయేసరికి ముఖం తిప్పేసుకుంటుంది, ఏడుస్తుంది. ట్రియర్‌లో పెద్దవాళ్ళకు పెట్టిన పరీక్ష, నెలల పిల్లలకు పెట్టిన ఈ పరీక్ష ఒకటే.

ఇక్కడికి వచ్చేసరికి ఈ పట్టణం నాకు అడ్డు తగులుతుంది. కదలని ముఖమే మనిషిని కుంగదీస్తుందంటే, పుదుచ్చేరి చరిత్రలోనే దానికి ఎదురు సాక్ష్యం ఉంది. 1910 ఏప్రిల్‌లో ఇక్కడికి వచ్చిన శ్రీ అరవిందులు 1926 నవంబరు తర్వాత తన గదులు దాటి రాలేదు. ఏడాదికి మూడు నాలుగు రోజులు మాత్రం దర్శనం. దేశం నలుమూలల నుంచి వచ్చినవాళ్ళు వరుస కట్టి, ఆయనా, ఆయన ఆశ్రమాన్ని నడిపే మాతాజీ కూర్చున్న చోటి ముందు నుంచి సాగిపోయేవాళ్ళు. ఒక్కొక్కరికి కొన్ని క్షణాలే. మాట లేదు, పలకరింపు లేదు. తెలుగువాళ్ళు చాలామంది ఆ వరుసలో నడిచారు. 1948 డిసెంబరులో కట్టమంచి రామలింగారెడ్డిగారు ఆంధ్ర విశ్వవిద్యాలయం తరఫున జాతీయ బహుమానం ఇవ్వడానికి స్వయంగా ఇక్కడికి వచ్చి ఆయన్ను చూశారు. 1950 ఏప్రిల్‌లో కార్తియే బ్రెసాఁ అనే ఫ్రెంచి ఛాయాచిత్రకారుడికి ఫొటోలు తీయనిచ్చారు. ఆ డిసెంబరులో శ్రీ అరవిందులు వెళ్ళిపోయారు. పెద్ద కాలువకు ఇటూ అటూ ఎన్నో ఇళ్ళలో, కొట్లలో ఆయన ముఖం గోడ మీద ఉంది. నవ్వే ముఖం కాదు. అయినా ఆ కొద్ది క్షణాల దర్శనం నుంచి తేలికపడి బయటికి వచ్చామనీ, ఏడ్చామనీ, ఏళ్ళ బరువు దిగిందనీ రాసుకున్నవాళ్ళు ఎందరో.

దీని గురించి చాలా రోజులు ఆలోచించాను. నాకు తోచింది చెబుతాను. ఇది నా అభిప్రాయమే గానీ కొలిచి తేల్చినది కాదు. ట్రియర్ బల్ల ముందు నిలబడినవాడికి ఆ ముఖం తనను తీసేస్తుందేమోనన్న భయం ఉంది. దర్శనం వరుసలో నిలబడినవాడికి ఆ భయం లేదు. తనను చూడడానికే ఆ మనిషి అక్కడ కూర్చున్నాడని వాడికి తెలుసు. ఆ చూపు పూర్తిగా తనది, ఆ క్షణంలో ఇంకెవరిదీ కాదు. నవ్వు లేకపోయినా లోటు లేదు. కాబట్టి పిన్నికి ఆ రోజు కావలసింది డాక్టరుగారి నవ్వు కాదు. ఆవిడ అడిగిందీ నవ్వు కాదు. నా వంక చూళ్ళేదు అంది, అంతే.

ఈ తేడా నాకు చాలా ముఖ్యం. ఎందుకంటే నవ్వమని ఎవరినీ శాసించకూడదు. విమానాల్లో పనిచేసే అమ్మాయిలు రోజంతా నవ్వుముఖం పెట్టుకోవలసి రావడం వాళ్ళను లోపల్లోపల ఎంత అరగదీస్తుందో ఆర్లీ హాక్‌షీల్డ్ అనే సామాజిక శాస్త్రవేత్త 1983లోనే ఒక పుస్తకం నిండా రాసింది. పొద్దున ఎనిమిది నుంచి వందల మందికి చీటీలు రాసే ఆమెను నవ్వమనడం అన్యాయం. ఆమె అమిగ్డాలా కూడా మన అమిగ్డాలా వంటిదే. రోగి బంధువులు డాక్టర్ల మీద చెయ్యి చేసుకున్న వార్తలు చదివే ఇంటి నుంచే ఆమె కూడా వస్తుంది. వరుసలో నిలబడ్డవాడి ఆందోళన ఆమెకు కోపంగా కనబడుతుంది. ఆమె అలసట అతడికి చిన్నచూపుగా కనబడుతుంది. ఇద్దరూ తప్పుగా చదువుతారు. ఇద్దరికీ కార్టిసాల్ పెరుగుతుంది, తర్వాతి ముఖాన్ని ఇంకా తప్పుగా చదువుతారు. కౌంటరు గాజుకు ఇటువైపు ఉన్నవాడు మధ్యాహ్నానికి వెళ్ళిపోతాడు. ఆమె రేపూ అక్కడే కూర్చుంటుంది.

ఒత్తిడి మనుషుల్ని విడగొట్టడమే చేస్తుందనుకోవడమూ సరికాదు. వరండాలో నేను చూసినది వేరు. తిండివనం నుంచి వచ్చిన మనిషి తన దుప్పటి సగం మా ఊరివాళ్ళకు పరుస్తాడు. భాష రాకపోయినా ఫ్లాస్కులోని టీ చేతులు మారుతుంది. 2012లో ఫాన్ డావన్స్, హైన్‌రిక్స్ మొదలైనవాళ్ళు ట్రియర్ పద్ధతిలోనే మగవాళ్ళకు ఒత్తిడి కలిగించి, తర్వాత డబ్బుతో కూడిన ఆటలు ఆడించారు. ఒత్తిడికి లోనైనవాళ్ళు ఎదుటివాణ్ణి ఎక్కువ నమ్మారు, ఎక్కువ పంచుకున్నారు. కష్టంలో ఉన్నవాడు ముఖం కోసం వెతుకుతాడు. వెతికినప్పుడు ఒకటి దొరికితే దాని వైపు జరుగుతాడు. దొరకకపోతేనే ముడుచుకుపోతాడు.

చూడడం చిన్న పని అనుకుంటాం. అది ఎంత పెద్ద పనో అమెరికాలోని ఒకామెను పరీక్షించినవాళ్ళు తెలుసుకున్నారు. వైద్య గ్రంథాల్లో ఆమెను ఎస్.ఎం. అంటారు. అరుదైన జబ్బు వల్ల ఆమెకు రెండు వైపులా అమిగ్డాలా పాడైపోయింది. రాల్ఫ్ అడాల్ఫ్స్ బృందం 1994లో ఆమె గురించి మొదట రాసినప్పుడు, ఎదుటి ముఖంలో భయాన్ని ఆమె గుర్తుపట్టలేదని చెప్పారు. భయాన్ని పట్టే యంత్రం పోయిందనుకున్నారంతా. పదకొండేళ్ళ తర్వాత, 2005లో, అదే బృందం ఆమె చూపు ముఖం మీద ఎక్కడెక్కడ వాలుతోందో కొలిచింది. ఆమె కళ్ళ వైపు చూడడం లేదు. భయం ఎక్కువగా కనబడేది కళ్ళలోనే. కళ్ళు చూడమ్మా అని చెప్పగానే ఆమె భయాన్ని మామూలు మనుషులు పట్టినంత బాగా పట్టింది. చెప్పడం ఆపగానే మళ్ళీ కళ్ళు వదిలేసింది. ఆమెకు లేనిది తెలివి కాదు. కళ్ళ వైపు తనంతట తాను వెళ్ళే చూపు. మనకది అడగకుండానే దొరికింది.

మన వైద్య విద్యలో ఇప్పుడు రోగి వైపు చూసి మాట్లాడడం కూడా పాఠమైంది. భారత వైద్య మండలి వైఖరి, నీతి, సంభాషణల మీద 2018లో పాఠాల పుస్తకం తయారుచేసింది. 2019లో చేరిన విద్యార్థుల నుంచి దేశమంతా వైద్య కళాశాలల్లో అది కొత్త పాఠ్యక్రమంలో భాగం. రోగితో ఎలా మాట్లాడాలో, చెడు కబురు ఎలా చెప్పాలో మొదటి ఏడాది నుంచి నేర్చుకుంటున్నారు. దాని ఫలితమో, ఆ అమ్మాయి స్వభావమో చెప్పలేను గానీ, తర్వాత ఒకసారి పిన్నిని చూసిన చిన్న డాక్టరమ్మ కుర్చీ ఇటు తిప్పి, కంప్యూటరు వదిలేసి, ఆవిడ ముఖంలోకి చూసి, తనకొచ్చిన తెలుగులో "బయం వద్దమ్మా" అంది. రెండు సెకన్లు పట్టి ఉంటుంది. ఆ పూట పిన్ని నన్ను ఏమీ అడగలేదు. సాయంత్రం బీచి రోడ్డు చూడాలంది, గాంధీ విగ్రహం దగ్గర కూర్చుని వేరుశనక్కాయలు తింది.

డాక్టర్లకు పాఠం వచ్చింది. చీటీల గదికి ఇంకా ఏ పాఠమూ రాలేదు. రోగికి ఆసుపత్రిలో మొదట ఎదురయ్యే ముఖం అక్కడిదే. అందుకే నా పట్టుదలంతా ఆ గది మీద. అక్కడి లోపం మనుషుల్లో కంటే గోడలో ఎక్కువ ఉంది. మన కౌంటర్లను ఒకసారి తలుచుకోండి. పైన మసకబారిన గాజు పలక. దాని మీద అంటించిన నోటీసులు. కింద, నడుము ఎత్తున, చెయ్యి పట్టేంత అర్ధచంద్రపు రంధ్రం. బయటివాడు వంగి ఆ రంధ్రంలోకి మాట్లాడతాడు. లోపలి మనిషి కూర్చుని ఉంటుంది, ఆమెకు కనబడేది ఒక చెయ్యి, ఒక కార్డు, కొన్ని నోట్లు. కంప్యూటరు తెర సరిగ్గా ముఖానికీ ముఖానికీ మధ్య. ఇద్దరూ ఎంత మంచివాళ్ళైనా ఒకరి కళ్ళు ఒకరికి కనబడే దారి ఆ గోడ వదల్లేదు.

బ్యాంకుల్లో ఇది చాలాచోట్ల మారిపోయింది. గాజు తీసేశారు, ఇటో కుర్చీ అటో కుర్చీ వేశారు. ఆసుపత్రిలో గాలి ద్వారా సోకే జబ్బులున్నాయి, గాజు ఉండాల్సిందే. ఉండనివ్వండి. నోటీసులు పక్క గోడ మీద అంటించి గాజును రోజూ తుడిపించండి. మాట వినబడే రంధ్రం నిలబడ్డ మనిషి నోటి ఎత్తుకు పెంచండి. లోపల ఒక అడుగున్నర చెక్క అరుగు వేసి దాని మీద కుర్చీ ఎక్కించండి, ఇద్దరి కళ్ళూ ఒక ఎత్తుకు వస్తాయి. కంప్యూటరు తెరను ఎడమ పక్కకు జరపండి. దీనికి కొత్త భవనం అక్కర్లేదు, కొత్త ఉద్యోగులు అక్కర్లేదు. ఒక వడ్రంగి, ఒక ఆదివారం, సంతకం పెట్టే ఒక అధికారి చాలు.